సెస్నా 172 ముందు చక్రం మరమ్మతు: కుంగిపోయే స్ట్రట్, వణికే చక్రం

విమానం, దాని లోపాలు

మా విమానం 1978 నాటి సెస్నా 172ఎన్. ముగ్గురు మిత్రులం కలిసి కొనుక్కొని, డల్లస్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో అద్దె హ్యాంగర్‌లో ఉంచుతున్నాము. ఈ డైరీ దాని ముందు చక్రానికి సంబంధించినది. అందులో లోపాలు రెండు కనిపించాయి. మొదటిది, ముందు చక్రాన్ని మోసే గాలి-నూనె స్ట్రట్ (కుదుపును మింగే ఊత గొట్టం) నిలబడకుండా కుంగిపోవడం. రెండవది, విమానం దిగి వేగం తగ్గుతున్నప్పుడు ముందు చక్రం కుడి ఎడమలకు గజగజ వణకడం. ఆ వణుకు పెడళ్ళలోకి, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డులోకి పాకి, డయళ్ళ ముళ్ళు కూడా చదవలేనంతగా ఊగేవి. చివరిసారి దిగినప్పుడు టార్క్ లింకుల (చక్రం పక్కకు తిరగకుండా స్ట్రట్‌ను పట్టి ఉంచే కత్తెర కడ్డీల) మధ్య బోల్టు వంగి, చక్రం ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. విమానాన్ని టాక్సీవే నుంచి ట్రాలీ మీద హ్యాంగర్‌కు తేవలసి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, ప్రొపెల్లర్ నేలను తాకలేదు.

172కు ప్రధాన చక్రాల కాళ్ళు స్ప్రింగు ఉక్కువి. 1971 మోడల్ నుంచి అవి గొట్టం ఆకారంలో వస్తున్నాయి. వాటిలో గాలి, నూనె, సీలు ఏవీ లేవు కనుక కారేదీ కుంగేదీ ఏమీ ఉండదు. ఆ విమానపు ల్యాండింగ్ గేర్‌లో సున్నితమైన భాగమంతా ముక్కు కిందనే ఉంది: ఫైర్‌వాల్‌కు (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే లోహపు గోడకు) బిగించిన పై గొట్టం, అందులో జారే క్రోము పూసిన కింది గొట్టం, దాని చివర ఫోర్కు, చక్రం. పై గొట్టాన్ని చుట్టి స్టీరింగ్ కాలర్ తిరుగుతుంది. ఆ కాలర్‌నూ కింది గొట్టాన్నీ కలిపేవి కత్తెరలా మడిచే రెండు టార్క్ లింకులు. వణుకును ఆపే షిమ్మీ డ్యాంపర్ మాత్రం కాలర్‌కు తగిలించి ఉంటుంది. ఈ అమరికను గుర్తు పెట్టుకుంటే దశ 5లో చెప్పే విషయం సులభంగా అర్థమవుతుంది.

పాత లాగ్‌బుక్కులు తిరగేస్తే "ముందు స్ట్రట్‌లో గాలి నింపబడినది" అన్న వాక్యం పదే పదే కనిపిస్తుంది. మధ్యమధ్య "షిమ్మీ డ్యాంపర్ మార్చబడినది" అని ఉంటుంది. ఏ నమోదులోనూ ఒక్క కొలత లేదు. ఎంత కుంగింది, ఎంతసేపటికి కుంగింది, ఏ జాయింటులో ఎంత వదులు ఉంది అన్నవి ఎవరూ రాయలేదు. అందుకే ప్రతి దశలోనూ ముందు కొలత, తరువాతే స్పానర్ అన్న పద్ధతి పెట్టుకున్నాము.

దశ 1: ఎవరు ఏ పని చేయవచ్చు

అమెరికాలో ఎఫ్‌ఏఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నియమాల 43వ భాగం, అనుబంధం ఏ ప్రకారం, పైలట్ లైసెన్సు ఉన్న యజమాని తన సొంత విమానానికి కొన్ని నివారణ పనులు స్వయంగా చేసుకోవచ్చు. ల్యాండింగ్ గేర్ టైర్లు విప్పి బిగించడం, స్ట్రట్‌లో నూనె లేదా గాలి నింపడం, చక్రాల బేరింగులు శుభ్రం చేసి గ్రీజు పెట్టడం ఆ జాబితాలో ఉన్నాయి. స్ట్రట్‌ను విప్పి సీళ్ళు మార్చడం, టార్క్ లింకులకు బుష్‌లు (బోల్టు రంధ్రాల్లో ఉండే లోహపు తొడుగులు) వేయడం, ఫైర్‌వాల్ రివెట్లు తాకడం అందులో లేవు. ఆ పనులను లైసెన్సు ఉన్న మెకానిక్ పర్యవేక్షణలో, ఆయన దగ్గర ఉండి చూస్తుండగా చేశాము. లాగ్‌బుక్‌లో సంతకం ఆయనది. ఆయన పనికి అయిన 480 డాలర్లను చివర కలిపాను.

ప్రమాద నివేదికల నియమంలో ల్యాండింగ్ గేర్, చక్రాలు, టైర్లకు జరిగిన నష్టాన్ని "గణనీయమైన నష్టం" కింద లెక్కించరు. అయితే ఫైర్‌వాల్ వంగి ఉంటే కథ వేరుగా ఉంటుంది. అందుకని మెకానిక్ చేసిన మొదటి పని ఇంజను కౌలింగ్ (పై తొడుగు) తీసి, ఫైర్‌వాల్‌ను అటూ ఇటూ టార్చిలైటుతో పరిశీలించడం. ముడత ఏదీ లేదని తేలింది. రివెట్ల సంగతి దశ 7లో ఉంది.

భారతదేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలు వేరు. అక్కడ విమానం ఉన్నవారు లైసెన్సు ఉన్న ఏఎంఈని (విమాన నిర్వహణ ఇంజనీరును) సంప్రదించకుండా ఈ దశలను అనుసరించకూడదు.

దశ 2: ముక్కును పైకి లేపడం

ముందు చక్రం గాలిలో ఉంటే తప్ప ఈ పని మొదలుకాదు. 172 ముక్కును జాకీతో కాక, తోకను కిందికి దించి లేపుతారు.

1. ఇగ్నిషన్ తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. మిక్స్‌చర్ (ఇంజనుకు ఇంధనం అందించే మీట) పూర్తిగా వెనక్కి లాగాలి. పని అంతా ప్రొపెల్లర్‌కు అడుగు దూరంలో జరుగుతుంది.
2. ప్రధాన చక్రాలకు ముందూ వెనుకా కట్టెలు పెట్టాలి.
3. తోక గొట్టంలో, స్టెబిలైజర్‌కు (తోక దగ్గరి అడ్డ రెక్కకు) కాస్త ముందు, లోపల బల్క్‌హెడ్ (గట్టి అడ్డు చట్రం) ఉన్నచోట అరచేతులతో నొక్కాలి. స్టెబిలైజర్ రేకును కానీ దాని వెనుక కదిలే ఎలివేటర్‌ను కానీ నొక్కకూడదు.
4. తోక కింద ఉన్న కొక్కేనికి నైలాన్ పట్టీ కట్టి, నేలలోని లంగరుకు బిగించాలి.
5. ముక్కు కింద స్టాండు పెట్టేవరకు ఎవరూ దాని కిందికి దూరకూడదు.

మా హ్యాంగర్ నేలలో లంగరు కొక్కెం ఉంది. లేనిచోట కాంక్రీటు దిమ్మెలు వాడతారు. అయితే పని మధ్యలో ఫోర్కు, చక్రం విప్పినప్పుడు ముక్కు తేలికై బరువు పంపకం మారుతుంది కనుక, దిమ్మె కంటే నేలకు కట్టిన పట్టీయే నాకు నమ్మకం కలిగించింది.

ఖర్చు: పట్టీలు 31 డాలర్లు. ఇప్పటికి మొత్తం 31.

దశ 3: స్ట్రట్ ఎందుకు కుంగుతోంది

మా విమానపు మాన్యువల్ ప్రకారం స్ట్రట్‌లో ఎంఐఎల్-హెచ్-5606 హైడ్రాలిక్ నూనె నింపి, గాలి 45 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం) ఎక్కించాలి. అది చక్రం నేలను తాకకుండా, స్ట్రట్ పూర్తిగా సాగి ఉన్నప్పటి అంకె. నేలమీద నిలబడ్డ విమానానికి గేజి పెట్టి 45 చూసి తృప్తిపడితే ఆ కొలతకు అర్థం లేదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. స్ట్రట్‌లోని గాలి పరిమాణం చాలా తక్కువ. మామూలు టైరు గేజి గొట్టం తగిలించి తీస్తే ఆ తీయడంలోనే పీడనం చెప్పుకోదగినంత పడిపోతుంది. గాలి పోకుండా మూసుకునే చక్ ఉన్న గొట్టం వాడాలి.

చలికి కుంగుతోందేమో అన్నది మొదటి అనుమానం, ఎందుకంటే మాకు చలికాలపు ఉదయాల్లోనే ముక్కు ఎక్కువగా వాలి కనిపించేది. లెక్క వేసి చూశాము. 32 డిగ్రీల సెల్సియస్ వద్ద 45 పీఎస్ఐ ఉన్న గాలి, పరిమాణం మారకపోతే, 2 డిగ్రీల వద్ద సుమారు 39 పీఎస్ఐకి దిగుతుంది. ఆ తేడాతో స్ట్రట్ కొంత దిగవచ్చు గానీ పూర్తిగా కూర్చోదు. చలి కారణం కాదు.

రెండవ అనుమానం వాల్వ్ కోర్. సబ్బునీళ్ళు రాస్తే చిన్న బుడగలు వచ్చాయి. కొత్త కోర్ వేయగానే బుడగలు ఆగాయి, స్ట్రట్ కుంగడం మాత్రం ఆగలేదు. పై గొట్టం కింది అంచు దగ్గర, సీళ్ళు ఉండేచోట, సబ్బునీళ్ళు రాస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. దీనితో కొంతకాలం దారి మూసుకుపోయింది.

దారి చూపింది ఒక ఉక్కు స్కేలు. బోల్టు వంగడానికి ముందు వారాలలో, బయటికి కనిపించే క్రోము పొడవును ఎప్పటికప్పుడు కొలిచి హ్యాంగర్ గోడమీద రాసి ఉంచాము:

గాలి నింపిన వెంటనే, చక్రాలు నేలపై: 92 మి.మీ.
మరునాడు, ఎగరకుండా: 91 మి.మీ.
మూడు రోజుల తరువాత, ఎగరకుండా: 89 మి.మీ.
కొన్ని ల్యాండింగులు చేసి తిరిగి వచ్చాక: 71 మి.మీ.
ఆ మరునాటి ఉదయం: 63 మి.మీ.
ఒక గంట తరువాత: 41 మి.మీ.
మరో గంట తరువాత: 14 మి.మీ. అక్కడ ఆగిపోయింది.

నిలబడి ఉన్న విమానంలో ముక్కుమీద పడే బరువు మారదు. బరువు మారకపోతే స్ట్రట్ లోపలి పీడనమూ మారదు. పీడనం మారనప్పుడు, ఒకే రంధ్రం నుంచి గాలి పోతూ ఉంటే స్ట్రట్ దిగే వేగం మొదటి నుంచి చివరిదాకా ఒక్కలాగే ఉండాలి. ఇక్కడ 92 నుంచి 89కి రావడానికి మూడు రోజులు పట్టింది, 63 నుంచి 14కి రెండు గంటలే. అంటే సీలు ఏ ఎత్తులో క్రోమును పట్టుకుంటోంది అన్నదాన్ని బట్టి లీకు మారుతోంది. లోపం రబ్బరుది అయితే ఎత్తుతో పని ఉండదు. ఈ తర్కం పూర్తిగా స్పష్టపడింది దశ 4 మధ్యలో, ఒక సీళ్ళ కిట్టు వృథా అయ్యాక.

ఖర్చు: వాల్వ్ కోర్ 6, నూనె ఒక క్వార్టు 19. ఇప్పటికి మొత్తం 56 డాలర్లు.

దశ 4: స్ట్రట్ విప్పడం, రెండుసార్లు

హెచ్చరిక ముందుగా చెప్పాలి. వాల్వ్ కోర్ తీసి గాలి మొత్తం వదిలేవరకు టార్క్ లింకులను విడదీయకూడదు, లాక్ రింగును తాకకూడదు. గాలి మిగిలి ఉన్న స్ట్రట్‌లో లాక్ రింగు తీస్తే కింది గొట్టం, ఫోర్కు, చక్రం కలిసి తుపాకీ గుండులా బయటికి వస్తాయి.

1. వాల్వ్ కోర్ తీసి, చక్రాన్ని చేత్తో పైకి నొక్కి, బుస్సుమనడం పూర్తిగా ఆగిందని నిర్ధారించుకోవాలి.
2. కింద వెడల్పాటి ట్రే పెట్టాలి. 5606 నూనె ఎర్రగా, పలుచగా ఉంటుంది. కాంక్రీటులో ఇంకితే మరక పోదు.
3. టార్క్ లింకుల కింది బోల్టు విప్పాలి. వాషర్లు, షిమ్‌లు (సందు పూడ్చే పలుచని రేకులు) ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీయాలి.
4. పై గొట్టం కింది అంచులో, లోపలి గాడిలో లాక్ రింగు ఉంటుంది. ఆ గాడి దగ్గర చిన్న రంధ్రం ఉంది. సన్నని పిన్ను ఆ రంధ్రంలోంచి నెట్టి రింగును గాడి నుంచి లేపాలి.
5. కింది గొట్టాన్ని పక్కలకు ఊపకుండా, నిటారుగా ఒక్క లాగు లాగాలి.

మొదటిసారి విప్పినప్పుడు ఓ-రింగులు (సీళ్ళుగా పనిచేసే రబ్బరు వలయాలు) గట్టిపడి, అంచులు చదునుగా మారి ఉన్నాయి. వాటిని చూసినవారెవరైనా లీకు కారణం దొరికిందనే అనుకుంటారు. క్రోము గొట్టాన్ని గుడ్డతో తుడిచి చూస్తే మెరుస్తూ కనిపించింది, గోరుతో రాస్తే ఎక్కడా తగల్లేదు. కొత్త కిట్టులోని ఓ-రింగులు, బ్యాకప్ రింగులు, స్క్రేపర్ రింగు వేశాము. పై గొట్టం తలభాగంలో ఓరిఫీస్ సపోర్టు చుట్టూ ఉండే ఓ-రింగును చాలామంది వదిలేస్తారు. అక్కడ గాలి మాత్రమే పోతుంది, నూనె మరక కనిపించదు. దాన్ని కూడా మార్చాము. గొట్టం లోపలికి వెళ్ళేటప్పుడు లాక్ రింగు గాడి పదునైన అంచు కొత్త ఓ-రింగును కోయకుండా సన్నని ప్లాస్టిక్ రేకు చుట్టి జార్చాము.

టార్క్ లింకులకు తాత్కాలికంగా కొత్త బోల్టు వేసి, తోకను నొక్కుతూ వదులుతూ స్ట్రట్‌ను పైకీ కిందికీ ఆడించాము. మొదట 92 దగ్గర గట్టిగా నిలిచింది. ఆడించిన కొద్దీ నిలబడే శక్తి తగ్గింది. వారం తిరగకముందే మళ్ళీ పాత వరుసే: 64 వరకు నెమ్మదిగా, ఆ తరువాత చకచకా.

అప్పుడు గోడమీది అంకెలను మళ్ళీ చదివి, వాల్వ్ నుంచి కొద్దికొద్దిగా గాలి వదిలి స్ట్రట్‌ను కావాలనే 60 మి.మీ. వద్దకు దించి, అక్కడ సబ్బునీళ్ళు రాశాము. పై గొట్టం కింది అంచులో ఒకే ఒక్క చోట, టార్క్ లింకుల మాటున, బుడగలు బుసబుసా వచ్చాయి. 92 దగ్గర అదే చోట ఒక్కటీ లేదు. ముందు పరీక్షలో ఏమీ దొరకకపోవడానికి కారణం, స్ట్రట్ బాగా నిలబడి ఉన్నప్పుడే పరీక్షించడం.

రెండవసారి విప్పాము. ఓ-రింగు మీద ఒకేచోట చిన్న కోత. ఈసారి గొట్టాన్ని మినరల్ స్పిరిట్‌తో నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, గది లైట్లు ఆర్పి, టార్చిని గొట్టానికి దాదాపు సమాంతరంగా పెట్టి, పదిరెట్ల భూతద్దంతో చూశాము. లింకుల వైపు తిరిగి ఉండే పక్కన తుప్పు చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి సన్నని నిలువు చారగా ఏర్పడ్డాయి. నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన పొర ఆ గుంటలను నింపి ఇంతకాలం నున్నగా చూపించింది. పొర పోయాక అదే గోరుకు అవి గరగరమని తగిలాయి.

చార ఫోర్కు పై అంచు నుంచి 88 మి.మీ. ఎత్తులో మొదలై 38 మి.మీ. వరకు ఉంది. పై గొట్టం అంచు నుంచి ఓ-రింగు వరకు లోపలికి 24 మి.మీ. 88లోంచి 24 తీసేస్తే 64: స్ట్రట్ వేగంగా దిగడం మొదలయ్యే ఎత్తు. 38లోంచి 24 తీసేస్తే 14: దిగడం ఆగే ఎత్తు. రెండు అంకెలూ గోడమీది పట్టికతో కలిశాయి. ఇంత స్పష్టంగా కలిసినప్పుడు ఇక వేరే అనుమానాలకు చోటు లేదు. చేతిపంపులో లోపలి గొట్టం గీసుకుపోయి ఉంటే ఎన్ని కొత్త తోలు వాషర్లు వేసినా నీళ్ళు నిలవవు, ఇదీ అంతే.

గుంటలను ఎపాక్సీతో నింపి నున్నగా రుద్ది నడిపించేవారు ఉన్నారు. మా మెకానిక్ ఒప్పుకోలేదు. "మీరు ఇవాళ నింపిన చోటు పక్కనే క్రోము కింద తుప్పు పాకుతూనే ఉంటుంది" అన్నారు. నాకు ఆయన మాటే సరైనదనిపించింది. గొట్టాన్ని ఎఫ్‌ఏఏ గుర్తింపు ఉన్న మరమ్మతు కేంద్రానికి పంపాము. వారు పాత క్రోము తీసి, కొత్తది పూసి, గ్రైండింగ్ చేసి, భాగం వాడకానికి తగినదని చెప్పే 8130-3 ధ్రువపత్రంతో తిరిగి పంపారు. ఆ పత్రం లేకుండా వచ్చిన భాగాన్ని, అది ఎంత మెరుస్తున్నా, విమానానికి బిగించకూడదు.

నూనె నింపే వరుస:

1. స్ట్రట్‌ను పూర్తిగా మూసి, పైన వాల్వ్ తీసి, ఆ రంధ్రం కింది అంచు వరకు నూనె పోయాలి.
2. నెమ్మదిగా సాగదీసి మళ్ళీ మూయాలి. బుడగలు పోయి నూనె మట్టం దిగుతుంది, మళ్ళీ పోయాలి. మట్టం దిగడం ఆగేవరకు ఇలాగే చేయాలి.
3. వాల్వ్ బిగించి, చక్రం గాలిలో ఉండగా 45 పీఎస్ఐ ఎక్కించాలి. మేము నైట్రోజన్ వాడాము, అందులో తేమ ఉండదు.

కార్లలో వాడే బ్రేకు నూనెను ఏ పరిస్థితిలోనూ ఇందులో పోయకూడదు. ఈ సీళ్ళు ఖనిజ నూనెకు తగినవి. బ్రేకు నూనెకు అవి ఉబ్బి పాడవుతాయి.

ఖర్చు: మొదటి సీళ్ళ కిట్టు 68, క్రోము పని 690, రానూపోనూ రవాణా 74, రెండవ కిట్టు 68. ఇప్పటికి మొత్తం 956 డాలర్లు.

దశ 5: వణుకు అసలు ఎక్కడ పుడుతోంది

స్ట్రట్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు ఈ విమానంలో ముందు చక్రం మధ్యకు వచ్చి లాక్ అవుతుంది. గాలిలో ఉన్నప్పుడు రడ్డర్ పెడల్ తొక్కితే చక్రం తిరగకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. మనకు అది మంచి కొలత సాధనం. ముక్కు పైకి లేపి, స్ట్రట్ సాగదీసి, చక్రాన్ని చేత్తో కుడి ఎడమలకు తిప్పితే వచ్చే కదలిక అంతా జాయింట్లలోని వదులే. నేలమీద ఒక చెక్కకు స్కేలు బిగించి, టైరు ముందు అంచు దగ్గర ఆ కదలికను కొలిచాము.

వంగిన బోల్టు ఉన్నప్పుడు: 11 మి.మీ.
కొత్త బోల్టు మాత్రమే వేశాక: 8 మి.మీ.
టార్క్ లింకుల బుష్‌లు, స్పేసర్లు మార్చాక: 5 మి.మీ.
స్టీరింగ్ కాలర్ కింద షిమ్‌లు సరిచేశాక: 2 మి.మీ.

ఈ నాలుగు వరుసల మధ్య షిమ్మీ డ్యాంపర్‌ను మేము ముట్టుకోలేదు. డ్యాంపర్ పట్టుకునేది కాలర్‌ను. చక్రానికీ కాలర్‌కూ మధ్య ఉన్నవి టార్క్ లింకులు. ఆ లింకుల బుష్‌లు అరిగి వదులుగా ఉంటే, చక్రం ఆ వదులు మేరకు అటూ ఇటూ కొట్టుకుంటున్నా కాలర్ కదలదు, డ్యాంపర్‌కు ఆ సంగతే తెలియదు. లాగ్‌బుక్‌లోని కొత్త డ్యాంపర్లు ఒక్కొక్కటీ కొన్ని నెలలే పనిచేసినట్టు కనిపించడానికి కారణం ఇదే. వదులు పెరిగిన కొద్దీ వణుకు పెరుగుతుంది, వణుకు పెరిగిన కొద్దీ బుష్‌లు ఇంకా అరుగుతాయి.

స్ట్రట్ కుంగడానికి, ఈ అరుగుదలకు సంబంధం ఉందని నా నమ్మకం. 14 మి.మీ. దగ్గర కూర్చున్న స్ట్రట్‌తో టాక్సీ చేస్తే (విమానాన్ని నేలమీద నడిపితే), కాంక్రీటు పలకల మధ్య ప్రతి అతుకూ మెత్తదనం లేకుండా నేరుగా లింకుల బోల్టుకు, ఫైర్‌వాల్‌కు తగులుతుంది. తీసిన పాత బుష్‌లను చూస్తే రంధ్రం గుండ్రంగా లేదు. ఒక పక్కకే సాగి కోడిగుడ్డు ఆకారంలో ఉంది, లోపలి గోడమీద గ్రీజు స్థానంలో ఎర్రటి తుప్పు పొడి ఉంది.

పాత బుష్‌లను వత్తి తీయడానికి చిన్న హ్యాండ్ ప్రెస్సు సరిపోయింది. కొత్తవి వత్తాక లోపలి కొలతకు రీమర్ తిప్పింది మెకానిక్. అక్కడ రీమర్ కొంచెం వాలినా రంధ్రం వాలుతుంది, మళ్ళీ బుష్ తీయాలి. బోల్టు చేత్తో నెడితే బిగువుగా జారాలి, సుత్తి అవసరం పడకూడదు. కాలర్ షిమ్‌లలో మొదటి ప్రయత్నం మరీ బిగుసుకుంది. స్ప్రింగు త్రాసు కట్టి లాగితే కాలర్ జర్కులతో తిరిగింది. ఒక పలుచని షిమ్ తీసేశాక వదులు లేకుండా, ఒకే బిగువుతో తిరగసాగింది.

ఖర్చు: బుష్‌లు, స్పేసర్లు, షిమ్‌లు, బోల్టులు, నట్లు 214. ఇప్పటికి మొత్తం 1,170 డాలర్లు.

దశ 6: డ్యాంపర్, చక్రం

డ్యాంపర్ విప్పి, కడ్డీని చేత్తో లాగి నెట్టి చూస్తే రెండు వైపులా ఒకే రకమైన బిగువు ఉండాలి. మాదానిలో దిశ మారినప్పుడల్లా కొంత మేర ఏ బిగువూ లేని ఖాళీ కదలిక ఉంది, అంటే లోపల గాలి చేరింది. ఓ-రింగులు మార్చి, నూనె ఉన్న గిన్నెలో పూర్తిగా ముంచి, బుడగలు ఆగేదాకా కడ్డీని ఆడించి, మునిగి ఉండగానే మూత బిగించాము. కొత్త డ్యాంపర్ కొనవలసిన అవసరం రాలేదు.

టైరు 5.00-5, పీడనం 31 పీఎస్ఐ. వణుకు వల్ల పాత టైరు అంచు అలలు అలలుగా అరిగింది, అందుకని కొత్త టైరు, ట్యూబు వేశాము. చక్రం రెండు సగాలను విడదీసే ముందు టైరులోని గాలి మొత్తం తీసేయాలి. టైరుమీది ఎర్ర చుక్క దాని తేలిక భాగానికి గుర్తు. ట్యూబు బరువు భాగపు గుర్తును సరిగ్గా ఆ చుక్క దగ్గరికే తెచ్చి బిగించాలి. బేరింగులు కడిగి గ్రీజు పెట్టి, చక్రం తిప్పుతూ నట్టు బిగించి, బిగువు తగలగానే దగ్గరి గాడికి వెనక్కి తిప్పి కాటర్ పిన్ను వేశాము.

ఖర్చు: డ్యాంపర్ ఓ-రింగులు 17, టైరు, ట్యూబు 163. ఇప్పటికి మొత్తం 1,350 డాలర్లు.

దశ 7: ఫైర్‌వాల్

ముందు స్ట్రట్ కింది బ్రాకెట్ చుట్టూ ఉన్న రివెట్లలో ఒకదాని పక్కన నల్లటి పొడి చారగా కనిపించింది. రివెట్ తన రంధ్రంలో కదులుతూ లోహాన్ని అరగదీస్తే వచ్చే పొడి అది. చుట్టుపక్కల పగుళ్ళు ఉన్నాయేమో మెకానిక్ డై పెనెట్రెంట్‌తో (పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపే రంగుతో) పరీక్షించారు, ఏవీ లేవు. ఆ ఒక్క రివెట్‌ను ఆయనే డ్రిల్ చేసి తీసి కొత్తది కొట్టారు. లోపలి వైపు చూడడానికి పెడళ్ళ కింద కార్పెట్ లేపి, తలకిందులుగా దూరి, అద్దం పట్టుకొని చూడాలి. 172 కొనబోయేవారు ఇంజను గంటల గురించి అడిగేముందు ఈ చోటును చూడాలని నా గట్టి సలహా. బరువుగా ముక్కు మీద దిగిన విమానాల చరిత్ర అక్కడ రాసి ఉంటుంది.

ఖర్చు: మెకానిక్ పర్యవేక్షణ, రివెట్, తనిఖీ, సంతకం 480. మొత్తం 1,830 డాలర్లు.

దశ 8: నేలమీద, ఆ తరువాత గాలిలో

1. తోకను నొక్కి వదులుతూ స్ట్రట్ ఆడించి, 60 మి.మీ. వద్ద ఆపి సబ్బునీళ్ళు రాశాము. బుడగలు లేవు.
2. మనిషి నడిచే వేగంలో టాక్సీ, రెండు వైపులా పూర్తి మలుపులు. పెడళ్ళలో బిగువు సమానంగా ఉంది.
3. రన్‌వేమీద వేగం పెంచి, ఎగరకుండా తగ్గించాము. ఇదివరకు వణుకు మొదలయ్యే వేగంలో ఏమీ లేదు.
4. ఫ్లాప్స్ దించి 60 నాట్లతో అప్రోచ్. ప్రధాన చక్రాలు ఆనాక యోక్‌ను (ముక్కును ఎత్తి దించే చేతి చక్రాన్ని) వెనక్కి పట్టి ఉంచి, ముక్కు తనంతట తాను దిగేదాకా ఆగి, ఆ తరువాతే బ్రేకు.

మొదటి ల్యాండింగ్‌లో పెడళ్ళలో సన్నని కంపనం ఒక్క క్షణం తెలిసింది. విప్పి చూస్తే డ్యాంపర్ కడ్డీ చివరి బోల్టు దగ్గర వాషర్ ఒకటి తక్కువ పడి, కొద్దిపాటి వదులు మిగిలింది. వాషర్ వేశాక అదీ పోయింది.

క్రోము పొడవు: గాలి నింపిన రోజు 93 మి.మీ.; ఎగిరి దిగి, రాత్రంతా నిలబెట్టాక 92; ఆ తరువాతి వారాంతంలో, ఉదయం చలిలో 90. మధ్యాహ్నం ఎండ ఎక్కాక తిరిగి 92.

మిగిలిన పని

రివెట్ చుట్టూ ఎర్ర రంగుతో గీత పెట్టాము. ఎగిరిన ప్రతి 25 గంటలకు కౌలింగ్ తీసినప్పుడు నల్ల పొడి మళ్ళీ వచ్చిందేమో చూస్తాము. అదే సమయంలో ముక్కు లేపి చక్రం వదులును స్కేలుతో కొలుస్తాము. 4 మి.మీ. దాటితే డ్యాంపర్ వైపు చూడకుండా ముందుగా లింకుల బుష్‌లు విప్పాలని ముగ్గురం నిర్ణయించుకొని, ఆ అంకెను గోడమీది పట్టిక పైన రాశాము. ప్రతిసారి ఎగిరి వచ్చాక క్రోమును 5606లో తడిపిన శుభ్రమైన గుడ్డతో, ముఖ్యంగా లింకుల మాటున ఉండే పక్కన, తుడవడం కూడా అదే పట్టికలో చేర్చాము. 5606 క్వార్టు డబ్బాలో మిగిలిన నూనెను, మూత తెరిచిన తేదీ రాసి, దుమ్ము పడకుండా బిగించి పెట్టాము.